భాగ్యరేఖ గొంతు

పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకున్నాను. టీ తాగడానికి ఇంకా అరగంట ఆగాలి కదా అని బియ్యంలో రాళ్లు ఏరుతుంటే శ్రీవిద్య ఫోన్ చేసింది. "పిన్నీ" అంది. చేతిలో చాట అలాగే ఆగిపోయింది. బొంగురుగా, బరువుగా, నాలుక నోట్లో పట్టనట్టు, ఒక్కో మాటా నూతిలోంచి తోడినట్టు వస్తోంది. ఆ గొంతు నాకు తెలుసు. పదకొండేళ్లు నేను మాట్లాడిన గొంతు అది.

శ్రీవిద్య నా కడుపున పుట్టలేదు. మా ఆయన శంకరరావు గారి మొదటి భార్య భాగ్యరేఖ కూతురు. పిల్లకి మూడేళ్లప్పుడు ఒక మధ్యాహ్నం భాగ్యరేఖ పొయ్యి మీద అన్నం వదిలేసి, పవర్ హౌస్ అవతల రైలు పట్టాల మీదికి నడిచి వెళ్లిపోయింది. ఏడాది తిరిగాక భిలాయి స్టీల్ ప్లాంటు వాళ్లిచ్చిన ఆమె క్వార్టర్‌లోకి, ఆమె గిన్నెల మధ్యకి నేను వచ్చాను. మూడేళ్లు బాగానే గడిచాయి. తర్వాత నా ముఖం ఉబ్బింది. దువ్వితే జుట్టు కుచ్చులుగా చేతికొచ్చేది. మే నెలలో భిలాయి అంతా ఉడికిపోతుంటే నేను దుప్పటి కప్పుకునేదాన్ని. ఎందుకో తెలియకుండా పప్పు మాడేదాకా ఏడ్చేదాన్ని. ఆఖరికి గొంతు మారింది. మా అత్త అప్పయమ్మ ఒకరోజు వంటింటి గడపలో నిలబడి విని, "ఇది దీని గొంతు కాదురా. భాగ్యం గొంతే. ఆకర్న అచ్చం ఇలాగే మాటాడేది" అంది కొడుకుతో. పక్కింటివాళ్లు డాక్టరుకి చూపించమంటే, "దెయ్యానికి రగతం పరీచ్చేటమ్మా" అని నవ్వింది. ఆయన నవ్వలేదు. "భాగ్యానికి అన్ని టెస్టులూ చేయించాం. ఏ రోగమూ దొరకలేదు. ఇదీ అంతే" అన్నారు. నాతో మాత్రం ఒకటే మాట: "ఆ గొంతుతో పిల్లని పిలవకు. జడుసుకుంటాది."

పిలవలేదు. స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టి అన్నానికి రమ్మనేదాన్ని. మాట లేకుండా జడ వేసేదాన్ని. నా చేతుల కింద ఆ చిన్న మెడ బిగుసుకుపోయేది. కొన్నాళ్లకి నాకూ నమ్మకం కుదిరింది. ఇల్లు ఆమెదే, మొగుడు ఆమెవాడే, పిల్ల ఆమెదే, మిగిలింది ఈ ఒళ్లు, ఇదీ తీసుకోనీ అనుకున్నాను. అద్దంలో ఉబ్బిన ముఖం చూసి "అక్కా, ఏం కావాలి నీకు?" అని అడిగేదాన్ని. పట్టాల మీద రైలు కూత వినిపిస్తే లేచి చెప్పులు వెతుక్కున్న రోజులున్నాయి.

ఆయన ఊపిరితిత్తులు పాడై ఆస్పత్రిలో పడ్డప్పుడు, సెలైన్ మార్చడానికొచ్చిన నర్సు నా ముఖంకేసి చాలాసేపు చూసి, "దీదీ, థైరాయిడ్ చెక్ కరాయా కభీ?" అని, ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నావా అని అడిగింది. ఒక్క రక్తపరీక్ష. ఒక చిన్న మాత్ర. థైరాయిడ్ తగ్గితే ఒళ్లే కాదు, మనసు కూడా ఇలా మునిగిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆయన పోయిన నాలుగు నెలలకి నా గొంతు నాకు తిరిగొచ్చింది.

అక్షరాలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి. యాభయ్యో ఏట తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు నా రిపోర్టుల మీద వేలు పెట్టి పోల్చుకున్నాను. ట్రంకుపెట్టెలో భాగ్యరేఖ పేరు మీద ప్లాంటు ఆస్పత్రి మెడికల్ బుక్ దొరికింది రెండేళ్ల కిందట. ఆమె పోయిన ఏడాదివే, మూడు తేదీలు. ప్రతి తేదీ కింద డాక్టరు నాకు తెలిసిన ఆ అక్షరాలే రాశాడు, టీఎస్ఎచ్ అని, థైరాయిడ్ పరీక్ష. చివరిసారి కింద రెండు గీతలు కూడా కొట్టాడు. రిపోర్టు మాత్రం ఎక్కడా లేదు.

ఆ పుస్తకం చీరల అడుగున దాచాను. శ్రీవిద్య తండ్రి ఫొటోకి దండం పెట్టనిదే గడప దాటని పిల్ల. ఆ పిల్ల నోట "పిన్నీ" అనే పిలుపు నాకు ఎన్నేళ్లకో దక్కింది. చెబితే అదీ పోతుందని భయం.

"పిన్నీ, వింటన్నావా?" అంది ఫోన్‌లో. "అత్తయ్య శనివారం బైగాని పిలిపిస్తన్నారు, దెయ్యం వదిలించడానికి. అమ్మ నా మీదికొచ్చిందంట. నా ఆవాజ్‌కి బాబు డర్ జాతా హై, జడుసుకుంటన్నాడు, పిలవకు అన్నారు. నేను పిలవట్లేదు పిన్నీ. చప్పట్లు కొడతన్నాను."

బాబుకి ఆరు నెలలు.

ఆటో ఎక్కి భిలాయి-3లో శ్రీవిద్య అత్తారింటికి వెళ్లాను. వాళ్లత్త గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "సవితి తల్లివి, నీకేటి తెలుసమ్మా ఆ భాగ్యరేఖ సంగతి?" అంది.

"పదకొండేళ్లు నా మీదే ఉందన్నారు వదినగారూ. మీకన్నా నాకే ఎక్కువ తెలుసు. శనివారం లోపు తెచ్చి దింపేస్తాను" అన్నాను. బాబుని చంకనేసుకుని బయటికి నడిచాను. శ్రీవిద్య చెప్పులు ఈడ్చుకుంటూ వెనకే వచ్చింది.

ల్యాబ్‌లో రక్తం తీసే అమ్మాయి కాగితం నింపుతూ, ఇంట్లో ఇంకెవరికైనా థైరాయిడ్ ఉందా అని హిందీలో అడిగింది. "పిన్నికి, మా నాన్న రెండో భార్యకి" అంది శ్రీవిద్య. పిన్ని సొంత రక్తం కాదు కదా, లెక్కకి రాదు, అమ్మ సంగతి చెప్పమంది ఆ అమ్మాయి.

"అమ్మకి పిచ్చి" అంది శ్రీవిద్య, ఊరి పేరు చెప్పినంత మామూలుగా. "నాన్న అన్ని టెస్టులూ చేయించారు. కుచ్ నహీ నికలా, ఏమీ దొరకలేదు."

ఆ అమ్మాయి కాగితం మీద గీత కొట్టబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. బాబు నా భుజం మీద నిద్రపోతున్నాడు. ఇంకో మాట అంటే ఈ పిల్ల మళ్లీ నన్ను పిన్నీ అనకపోవచ్చు.

"శ్రీవిద్యా" అన్నాను. "మీ అమ్మకి ఈ పరీక్ష మూడుసార్లు రాసినారమ్మా. మీ నాన్న ఒక్కసారీ తీసుకెళ్లలేదు."