గెలిచినవాళ్లకు చోటు లేని బల్ల

శుక్రవారం జుమ్మా నమాజు ముగించుకుని వచ్చాక ఫజల్ డైనింగ్ హాల్ తలుపుకి లోపలి నుంచి గడియ పెట్టేవాడు. గల్ఫులోని ఇబ్రి ఊరికి బయట, కంకర గుట్టల మధ్య ఉన్న ఆ కూలీల క్యాంపులో మనుషులు వారమంతా ఆ గడియ చప్పుడు కోసమే బతుకుతున్నట్టు ఉండేవారు. ఫజల్ క్యాంప్ బాస్. రూములు పంచేది, ఏసీలు బాగుచేయించేది, ఎవరు ఏ బస్సు ఎక్కాలో చెప్పేది అతనే. గల్ఫుకి రాకముందు గోవాలో ఒక జూదపు పడవ మీద పేక పంచే ఉద్యోగం చేశాడు. అక్కడి ఆటనే ఇక్కడికి తెచ్చాడు. దాని పేరు ఇరవై ఒకటి. ఎంతమంది కూర్చున్నా ప్రతి ఒక్కడూ ఫజల్‌తోనే ఆడాలి. ముక్కల లెక్క ఇరవై ఒకటి దాటకుండా ఎవరిది దానికి దగ్గరగా వస్తే వాళ్లది గెలుపు. ఈ దేశంలో జూదం నేరం కాబట్టి బల్ల మీద పైసా కనిపించేది కాదు. ఖర్జూరపు గింజలతో పందెం కాసి, డబ్బు తర్వాత రూముల్లో లెక్క తీర్చుకునేవాళ్లు. ఎవరైనా తలుపు తట్టినా నలుగురు కూర్చుని పండ్లు తింటున్నట్టే ఉండేది.

భూమేశ్‌ని ఆ బల్ల దగ్గర మొదట కూర్చోబెట్టింది ఫజలే. భూమేశ్‌ది నిర్మల్ దగ్గర పల్లె. సైట్లో రాడ్లు కట్టే పని. నలుగురిలో ఉన్నా ఒక్కడే ఉన్నట్టుండే మనిషి. ఒకసారి కళ్లబడిన ముక్క అతని తలలోంచి పోదు. అది తెలివి అని అతను ఎప్పుడూ అనుకోలేదు. అదొక జబ్బు. పెళ్లయిన కొత్తలో భార్య కోపంలో అన్న మాటలు, ఏజెంటు ఆఫీసులో ఎవడో నవ్విన నవ్వు, అన్నీ అలాగే ఏ వరసలో పడ్డవి ఆ వరసలో లోపల ఉండిపోయాయి. అవి దేనికీ పనికిరాలేదు. పేక దగ్గర మాత్రం ఆ జబ్బు పనికొచ్చింది. చిన్న ముక్కలు ఎక్కువ పడిపోతే మిగిలిన కట్టలో బొమ్మలు ఎక్కువుంటాయి. బొమ్మలు ఎక్కువున్నప్పుడు ఆడేవాడికి మంచిది. అప్పుడు గుప్పెడు గింజలు పెట్టాలి, లేనప్పుడు ఒకటి పెట్టి ఊరుకోవాలి. అతనికి తెలిసింది అంతే.

మొదట్లో అతని గెలుపు ఫజల్‌కి ముద్దొచ్చింది. ఒకడు గెలుస్తుంటే చూసి పదిమంది ఓడిపోవడానికి వస్తారు. శుక్రవారం కోడికూరలో కాలు ముక్క భూమేశ్‌కే పడేది. ఏసీ గాలి సూటిగా తగిలే మంచం అతనికి దొరికింది. ఫజల్ భుజం మీద చెయ్యేసి, మా పడవ మీదా అంతే, గెలిచేవాడికి తిండి, గది, మందు అన్నీ ఫ్రీ, రాజాలాగా చూసేవాళ్లం అని చెప్పేవాడు. ఆ తర్వాత ఏం చేసేవారని ఒకసారి భూమేశ్ అడిగాడు. ఫజల్ నవ్వి ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఏం చేస్తారో ఎండలు ముదిరేనాటికి తెలిసింది. ఒక శుక్రవారం భూమేశ్ ముందు గింజల కుప్ప బాగా పెరిగింది. ఫజల్ పంచుతున్న పేక కింద పెట్టి, చాలా మెల్లగా, అందరికీ వినపడేటట్టు అన్నాడు.

"అంగీ ఇప్పు."

"ఎందుకు, భాయ్?"

"ముక్కలు యాడ దాస్తున్నవో సూద్దాం."

తను గుర్తుపెట్టుకుంటున్నానని, అంతకన్నా ఏమీ లేదని భూమేశ్ చెప్పాడు. అందరం గుర్తుపెట్టుకుంటాం, నీలాగా గెలుస్తున్నామా అని ఫజల్ అడిగాడు. హాల్లో కొందరు నవ్వారు. భూమేశ్ అంగీ విప్పాడు. లోపలి బనీను కూడా విప్పమన్నారు. ఎండకు కమిలిన మెడ, తెల్లటి వీపు, మధ్యలో ఆ గీత, అవి అందరి కళ్ల ముందు పడటం అతనికి విచిత్రంగా అనిపించింది, తన ఒళ్లు కాక ఇంకెవరిదో అయినట్టు. ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే అతని కొంప ముంచింది. దొరికితే మామూలు ముక్కల దొంగ. దొరకలేదు కాబట్టి ఎవరికీ అంతుపట్టని దొంగ. "పత్తా చోర్," అన్నాడు ఫజల్, తీర్పు చెప్పినట్టు. ఇక ఈ బల్ల దగ్గర కూర్చోవద్దన్నాడు.

ఆ రాత్రి నుంచి అతని పక్కన ఎవరూ కూర్చుని తినలేదు. పక్క ఊరివాడు, పెద్దమనిషి పోచన్న కూడా తన పళ్లెం పట్టుకుని అవతలికి జరిగాడు. పది రోజులకు భార్య సంధ్య ఫోన్లో అడిగింది. ఊళ్లో ఎవరో ఏదో అంటున్నారని, తను నమ్మలేదని ముందే చెప్పి, ఆ తర్వాత అడిగింది. "పత్తాలల్ల దొంగతనం జేసినవట. నిజమేనా?" నమ్మనిది ఎందుకు అడిగింది? భూమేశ్ ఫోను పెట్టేశాడు. మంచం పోయింది, కాలు ముక్క పోయింది, గెలుపూ పోయింది. అవేవీ అతనికి అక్కర్లేదు. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవాలి. అన్న నోరే, అందరి ముందు. లేదంటే ఆ నోరు మట్టి కరవాలి. ఆ రెండింటిలో తనకు ఏది ఎక్కువ కావాలో రోజులు గడిచేకొద్దీ అతనికే తెలియకుండా పోయింది.

క్యాంపులో ఒక పద్ధతి ఉంది. శుక్రవారం వంట వంతుల మీద నడుస్తుంది. హాల్లోనే ఒక మూల గ్యాసు పొయ్యి. వంతు వచ్చినవాడు ఆట జరుగుతున్నంతసేపూ అక్కడే అందరికీ కోడి వండాలి. ఫజల్ దగ్గరుండి హలాల్ కోడి తెప్పిస్తాడు, ఎవరు వండినా అందరూ తింటారు. అన్నం విషయంలో గొడవ రాకూడదని ఎప్పుడో పాతవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు అది. వంతు తప్పించడానికి క్యాంప్ బాస్‌కి కూడా హక్కు లేదు. భూమేశ్ వంతు వచ్చింది. దొంగ పక్కన కూర్చోనివాళ్లకు దొంగ చేతి కూర తినడానికి అడ్డేమీ లేకపోయింది.

అతను గోడ వైపు తిరిగి రోట్లో అల్లం వెల్లుల్లి దంచుతున్నాడు. వెనక ముక్కలు పడుతున్నాయి. ఫజల్‌కి పడవ మీది అలవాటు ఒకటుంది, పడిన ప్రతి ముక్కనూ పైకి చదువుతాడు. వినకూడదనుకున్నా చెవులు వింటున్నాయి. చిన్నవి అన్నీ పడిపోయాయి, ఇక బొమ్మలే. తన చెయ్యి వేగంగా దంచుతోందని భూమేశ్‌కి తెలియలేదు. అదే సమయానికి పోచన్న, ఏ లెక్కా తెలియని మనిషి, ఉన్న గింజలన్నీ ముందుకు తోసి గెలిచాడు.

వెనక ముక్కలు పడటం ఆగింది. భూమేశ్ తిరిగి చూశాడు. ఫజల్ పోచన్నను చూడటం లేదు. రోకలి పట్టుకున్న తన చేతిని చూస్తున్నాడు.

ఆ కళ్లల్లో ఉన్నది కోపం కాదు. భూమేశ్ దాన్ని ఇంటికి తెచ్చుకున్న పండులా ఆ రాత్రంతా మనసులో తిప్పి తిప్పి చూశాడు. అది భయం. పడవ మీద పెరిగిన మనిషికి ప్రతి చప్పుడూ ఒక సైగే. బయట ఒకడు లెక్కపెట్టి, లోపల ఒకడితో పందెం పెట్టించే జట్లను అతను చూసే ఉంటాడు. భూమేశ్‌కి అప్పుడు అర్థమైంది, తను మళ్లీ ఆడనక్కర్లేదు. ఎవరితోనూ చేతులు కలపనక్కర్లేదు. ఊరికే వంట చేస్తే చాలు.

తర్వాతి శుక్రవారం ముఖీత్ వంతు. భూమేశ్ తను చేస్తానంటే అతను సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ పైవారం లచ్చన్నది, అతనూ అంతే. ఎండాకాలంలో సెలవు రోజున పొయ్యి ముందు నిలబడటం ఎవరికి ఇష్టం? భూమేశ్ ప్రతి శుక్రవారం ఆ మూలలోనే ఉన్నాడు. ఇప్పుడు లెక్కపెట్టడం మానేశాడు. అదే అన్నిటికన్నా కష్టమైంది. ముక్కలు చెవిలో పడుతుంటే మనసులో సైట్లో రాడ్ల కొలతలు అనుకునేవాడు, సంధ్య మాటలు అనుకునేవాడు. తోచినప్పుడు గట్టిగా దంచేవాడు. తోచినప్పుడు గరిటెతో గిన్నె అంచు మీద కొట్టేవాడు. ఒక్కోసారి దగ్గేవాడు. అందులో ఏ అర్థమూ లేదు. అర్థం పెట్టేది ఫజల్.

ముందు పోచన్నను లేపేశాడు. ముసలాయన ఏమైందని అడిగితే, గెలిచింది చాలు, ఇంటికి పంపుకో అన్నాడు. తర్వాత గిన్నె మోగినప్పుడు గెలిచిన లచ్చన్నను. తర్వాత ముఖీత్, నీ వంతు భూమేశ్‌కి ఎందుకిచ్చావని నిలదీస్తే అతను తిట్టి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లకు ప్రతి పందేనికీ కొత్తగా పేక కలపడం మొదలుపెట్టాడు ఫజల్. ఆట నత్తనడక అయింది. జనం ఆవులించారు. భూమేశ్ గోడ వైపు తిరిగి కూర రుచి చూసేవాడు. అంత మంచి కూర అతను ఎప్పుడూ వండలేదని తిన్నవాళ్లు అన్నారు.

చివరికి బల్ల దగ్గర తౌసీఫ్ మిగిలాడు. ఫజల్ భార్య హుమాకి స్వయానా తమ్ముడు. ఎలక్ట్రీషియన్, నవ్వు ముఖం, నోటికి ఏదొస్తే అది మాట్లాడేవాడు. బావే వీసా పంపి తెచ్చుకున్నాడు. అతను గెలవలేడని క్యాంపు మొత్తానికి తెలుసు, అందుకే అతన్ని చూసి ఫజల్‌కి ధైర్యం. ఆ శుక్రవారం భూమేశ్ మసాలా మాడుతోందని గిన్నె అంచు మీద గరిటె కొట్టాడు. నిజంగానే మాడుతోంది. తౌసీఫ్‌కి ఆసు, రాజు కలిసి పడ్డాయి. గెలుపు. మళ్లీ గెలుపు. మూడోసారి గెలిచేసరికి అతను నవ్వుతూ, "దూల్హా భాయ్, ఈ దినం నీ పనైపోయింది" అన్నాడు.

ఫజల్ పేక కింద పెట్టాడు.

"అంగీ ఇప్పు," అన్నాడు.

తౌసీఫ్ అది తమాషా అనుకున్నాడు. కాదని తెలిశాక బావ ముఖంలోకి చూసి, గుండీలు ఒక్కొక్కటే తీశాడు. భూమేశ్ పొయ్యి కట్టేసి అంతా చూశాడు. ఆ కుర్రాడి వీపు కూడా తెల్లగా ఉంది. భూమేశ్ లోపల ఏదో వెచ్చగా, దాదాపు తియ్యగా కదిలింది. దాని అడుగున ఇంకేదో ఉంది. దాన్ని అతను ముట్టుకోలేదు.

తౌసీఫ్ ఆ సాయంత్రమే వేరే రూముకి సామాను మార్చుకున్నాడు. హైదరాబాదులో హుమా ఫజల్ ఫోను ఎత్తడం మానేసింది. బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. రెండు వారాలు ఫజల్ గడియ పెట్టి ఒక్కడే కూర్చున్నాడు, మూడో వారం తలుపు తెరిచే ఉంది.

ఒక మధ్యాహ్నం భూమేశ్ నీళ్ల ట్యాంకు పక్కన బట్టలు ఆరేస్తుంటే ఫజల్ వచ్చాడు. గడ్డం మాసి ఉంది. నిలబడటానికి చోటు వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూశాడు.

"నువ్వు చోర్ గాదు, భూమేశ్. గా దినమే ఎరికె నాకు."

భూమేశ్ చెయ్యి తీగ మీద ఆగింది.

"యాద్ పెట్టుకునుడు చోరీ గాదు. మా పడవ మీద గూడ గంతే. వాడు తప్పు చెయ్యలేదని మాకు ఎరికె. అయినా చోర్ అనే బైటికి పంపేటోళ్లం. లేకుంటే బల్ల నడ్వది."

ఈ మాటను భూమేశ్ ఎన్ని రకాలుగా ఊహించుకున్నాడో. ప్రతి ఊహలోనూ హాలు నిండుగా ఉండేది. పోచన్న పళ్లెం పట్టుకుని తన పక్కకు వచ్చేవాడు. ఎవరో ఊరికి ఫోను చేసేవారు. ఇక్కడ తడి బట్టలు, కంకర, ఎండ ఉన్నాయి.

"అందరి ముంగట చెప్పు," అన్నాడు.

"ఎవరున్నరు? అందర్నీ ఎల్లగొట్టుకుంటి."

అప్పుడు ఫజల్ అసలు వచ్చిన పనికి దిగాడు. హుమా మాట్లాడటం లేదని, అత్తగారు శాపనార్థాలు పెడుతోందని, నిద్ర పట్టడం లేదని ముక్కలు ముక్కలుగా చెప్పాడు. "తౌసీఫ్ నీతోటి కల్సి ఉండెనా? ఒక్క మాట చెప్పు. లేడను, పొయ్యి వాని కాళ్లు పట్టుకుంట. ఉన్నడను, మర్చిపోత. ఏదైనా సరే. ఇట్ల మాత్రం బత్కలేను."

లేడు. ఎంత చిన్న మాట. నోట్లో పుట్టి నాలుక చివరిదాకా వచ్చింది. తన అంగీ విప్పించిన శుక్రవారం తనకు కావలసిన మాటా అంతే చిన్నది. ఆ రోజు ఎవరైనా ఒక్కరు అని ఉంటే... భూమేశ్ ఆ ఆలోచనను పూర్తి కానివ్వలేదు. ఎదుట ఉన్న ముఖాన్ని చూశాడు. ఆ ముఖం ఎదురు చూస్తోంది. తన నోటి కోసం ఇంతగా ఎదురు చూసిన మనిషి ఈ భూమ్మీద ఇంతవరకు లేడు.

"నీకు కండ్లున్నయ్ గద, భాయ్. పడవ మీద ఎంతమందిని సూసినవ్. నువ్వే చెప్పు."

ఫజల్ ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయాడు. వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మర్నాడు డ్యూటీ బస్సులో తౌసీఫ్ పక్క సీటు ఖాళీగా ఉంది. ఎక్కినవాళ్లందరూ దాన్ని దాటుకుని వెనక్కి పోయారు. భూమేశ్ వెళ్లి అందులో కూర్చున్నాడు. తౌసీఫ్ ఉలిక్కిపడి సర్దుకున్నాడు. బస్సు గేటు దాటాక, గొంతు తగ్గించి, తమ ఇద్దరి మధ్యా ఏమీ లేదని బావకు ఒక్కసారి చెప్పమని బతిమాలాడు. తను చెబితే నమ్మడట. అమ్మ ఫోన్లో అడిగిందట, ఏం దొంగతనం చేశావురా అని.

"చెప్తలే, తమ్మీ," అన్నాడు భూమేశ్.

కుర్రాడు అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. భూమేశ్ చెయ్యి లాక్కోలేదు. కిటికీలోంచి బయటకు చూస్తూ, ఫజల్ ఈ సాయంత్రం మళ్లీ అడగడానికి వస్తాడా, వస్తే ఈసారి ఎంతసేపు ఎండలో నిలబెట్టవచ్చు అని ఆలోచిస్తూ కూర్చున్నాడు.