పాత బావి రాళ్లు

1939 మే నెల రెండో వారంలో, పెద్దమందడి శివారున, బాలనాగమ్మ తన బావికి కట్టిన రాళ్లు తీయించింది.

బావి ఆమె ఒక్కతెది కాదు. భర్త నాగప్ప, మరిది అనంతయ్య భూమి పంచుకున్నప్పుడు బావిని మాత్రం ఉమ్మడిగా ఉంచుకున్నారు. నాగప్ప జ్వరంతో పోయిన తర్వాత కూడా వదిన, మరిది దినం విడిచి దినం ఎద్దులు కట్టి మోట కొట్టుకున్నారు. మూడేళ్లుగా ఊట తగ్గింది. ఎండాకాలంలో మోట సగమైనా నిండేది కాదు.

బావులు తవ్వే మొగులయ్య లోపలికి దిగి చూసి పైకి వచ్చాడు.

"ముసలి బాయమ్మా ఇది. కింద బండ. ఎంత పిండినా గింతే. జర మీదికి పోయి తవ్వితె నీళ్లున్నయ్."

మీద అంటే అనంతయ్య చేను. అతను ఒప్పుకున్నాడు. కొత్త బావి కట్టుకు రాళ్లు గుట్ట నుంచి తేవాలి. అందుకు బండ్లు కావాలి.

"పాత బాయిల రాళ్లున్నయ్ కద వదినె. గవి తీస్తె సరిపాయె," అన్నాడు అనంతయ్య.

"తీస్తె ఈ బాయి ఆగుతదా?"

"ఆగి ఏం చేస్తది? కొత్త బాయిల ఒక దినం నీది, ఒక దినం నాది."

అత్త జంగమ్మ గట్టు మీద కూర్చుని ఆకు నములుతోంది. "తియ్యనియ్యి పిల్లా. వాడేమన్న పరాయోడా?" అంది.

జంగమ్మ ఉండేది బాలనాగమ్మ ఇంట్లో. పెద్ద కొడుకు పోయాక చిన్న కొడుకు రమ్మన్నా పోలేదు. కోడలి చేతి రొట్టే తింటోంది. ఆమె మాట మీద బాలనాగమ్మ సరేనంది.

ఉమ్మడి బావి మీద వాటాదారు ఒక్కడే గడ్డపార వేయడు. వదిన, మరిది ఇద్దరూ గడ్డపార పట్టుకుని మొదటి రాయి కదిలించారు. రాయి వెంటనే రాలేదు.

"ఇన్నేండ్లు కూసున్నది. లెవ్వమంటె ఎట్ల సతాయిస్తున్నదో సూడుండ్రి, మా అత్త లెక్క," అన్నాడు మొగులయ్య.

"ఇంటికి పొయ్యి నీ పెండ్లానికి చెప్త ఉండు," అంది జంగమ్మ.

కొత్త గుంతలో నీళ్లు పడేదాకా బాలనాగమ్మ మట్టి తట్టలు మోసింది. జూన్ మొదట్లో బండకు మందు తూటా పెట్టి పేల్చాక ఊట వచ్చింది. అనంతయ్య దోసిలి పట్టి ముందు వదినకే తాగించాడు. పాత రాళ్లన్నీ కొత్త బావి కట్టుకు పోయాయి. ఆ నెలాఖరు వానకు పాత బావి ఒడ్డు విరిగి లోపల పడింది.

జులైలో బాలనాగమ్మ వరి నాటింది. వానలు ఉన్నన్ని రోజులు మోట అవసరం రాలేదు. ఆగస్టులో వాన ఆగింది. ఆమె ఎద్దులను తోలుకుని కొత్త బావి దగ్గరికి పోయేసరికి అనంతయ్య మోట కొడుతున్నాడు.

"నిన్న కొట్టినవ్ కద. ఇయ్యాల నాది."

"నీది ఏడున్నది వదినె? బాయి నా చేన్ల ఉన్నది. నీళ్లు నా వరికే సాలుత లేవు."

"దినం నీది దినం నాది అనలేదా నువ్వు?"

"ఎవరు విన్నరు?"

"మీ అమ్మ విన్నది."

అనంతయ్య ఎద్దులను అదిలించాడు.

మొగులయ్య అప్పటికే ధరూర్ వైపు వేరే బావి పనికి వెళ్లిపోయాడు. మాట విన్న మనిషి ఇక జంగమ్మ ఒక్కతే. బాలనాగమ్మ చావడికి పోయి పటేలుకు చెప్పుకుంది. అనంతయ్యను పిలిపించారు.

"వదినెకు మాటలు ఎక్కువైనయ్ పటేలా. నేను గట్ల అనలె."

"రాళ్లల్ల సగం నావి. నీళ్లియ్యకుంటె నా రాళ్లన్న నాకియ్యమను," అంది బాలనాగమ్మ.

పటేలు నవ్వాడు. "సగం రాళ్లు పీకితె బాయి ఉంటదా తల్లీ?"

"మరి నాది ఉన్నదా?"

పటేలు నవ్వు ఆపి జంగమ్మను పిలిపించాడు.

"చెప్పు జంగమ్మా. దినం తప్పి దినం నీళ్లిస్తనని నీ కొడుకు అన్నడా?"

జంగమ్మ కోడలి వైపు చూడలేదు. "నాకు తెల్వదు పటేలా. చెవులు సక్కగ వినవడవు."

"పొద్దుగాల పిల్లి పాలగిన్నె ముట్టిన సప్పుడు లోపల్నుంచే ఇని నువ్వే కద అత్తా ఒర్రినవ్?"

చావడిలో ఎవరో నవ్వారు.

"తెల్వదన్న కద," అంది జంగమ్మ.

సాక్ష్యం లేదు కాబట్టి ఎవరి చేన్లో బావి వారిదేనని పటేలు చెప్పాడు.

అత్తాకోడళ్లు పోవలసింది ఒకే ఇంటికి. దారిలో బాలనాగమ్మ అడిగింది.

"ఎందుకన్నవ్ అత్తా గట్ల? నేనేం తక్కువ చేసిన నీకు?"

"ఏం తక్కువ చెయ్యలె. నాకు మిగిలిన కొడుకు వాడొక్కడే. రేపు నేను సస్తె కొరివి వెట్టేది వాడు."

ఇంటికి వచ్చాక జంగమ్మ రోజూ కూర్చునే చోటే కూర్చుంది. బాలనాగమ్మ జొన్న రొట్టె వేసి పప్పు పోసింది. తను తినలేదు.

ఆగస్టు చివరికి వరి ఎండింది. బాలనాగమ్మ ఎండిన పైరు మేయడానికి మడిలోకి బర్రెను తోలింది. సెప్టెంబర్‌లో ఒక వాన పడ్డాక మడి దున్నించి, మోట నీళ్లు అక్కర్లేని ఉలవలు చల్లింది. జంగమ్మ గింజల గంప ఎత్తుకుని ఆమె వెనక నడిచింది.