కొండకోట జైలరు

హనుమంతప్ప నేలమాళిగలో గబ్బిలాల రెట్టలు ఊడ్చి, ముక్కుకు కట్టుకున్న తువ్వాలు విప్పేసరికి పైనుంచి చిక్కమ్మ కేక వినిపించింది. తాగిన మొగుణ్ణి రెక్క పట్టుకుని కొండెక్కించి తెచ్చింది.

"హనుమంతన్నా, ఈయప్పను సాయంకాలం దాకా లోపలెయ్యి."

డెంకణికోట దారిలోని ఆ కొండకోట కింది పల్లెల్లో ఇదో ఆచారం. తాగుబోతు మొగుడు ఈ నేలమాళిగ చెరసాలలో ఒక పూట కూర్చుంటే మత్తు దిగి బుద్ధొస్తుందని ఆడవాళ్ల నమ్మకం. బుద్ధి సంగతి దేవుడెరుగు, మత్తు మాత్రం దిగుతుంది. తలుపు గొళ్లెం ఎప్పుడో తుప్పుపట్టి ఊడిపోయింది. ఆ సంగతి చిక్కమ్మ మొగుడు లింగప్పకూ తెలుసు. అయినా లోపల చల్లగా ఉంటుంది, పెళ్లాం గొంతు వినపడదు. వెళ్లి బుద్ధిగా పడుకున్నాడు.

సర్కారు జీతమిచ్చేది కాపలాకే గానీ, హనుమంతప్ప లెక్కలో తాను జైలరు. బురుజులూ బావులూ ఏ కోటకైనా ఉంటాయి. చెరసాల తన కోటకే ఉంది. వచ్చినవాళ్లకు కప్పులోని గుండ్రటి కన్నం చూపించి, "ఖైదీలను ఇందులోంచే కిందికి దించుతా ఉండినారు" అని ఒళ్లు జలదరించేలా చెప్పేవాడు. ఖైదీకి కూడు పెట్టడం జైలరు ధర్మమనేవాడు. పెళ్లాంపిల్లలు లేని మనిషికి ఆ గొప్పే సంసారం.

ఎండెక్కే వేళకు పురావస్తు శాఖ నుంచి రంజిత వచ్చింది. కోటలో కొత్త బోర్డులు పెట్టాలట. నేలమాళిగలో టార్చి వేసి గోడ గీకి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది చెరసాల కాదు తాతా, రాగుల పాతర. ఆ కన్నంలోంచి గింజలు పోస్తా ఉండినారు. పురుగు పట్టకుండా సున్నం పూసినారు, చూడు."

హనుమంతప్ప తలెత్తి ఆ కన్నం వంక చూశాడు. ఇన్నేళ్లూ తాను రాగులకా జైలరు?

"అట్ల రాయొద్దమ్మా. పాతరలోకి మొగుణ్ణి ఎవురు తోలుకొస్తారు?" అన్నాడు.

మూల చీకట్లోంచి లింగప్ప లేచాడు. "మేడం, ఇది జైలే. నేను ఈడ ఎన్నిసార్లు ఉండినానో మా ఇంటిదాన్ని అడుగు."

రంజిత ముందు హడలిపోయింది, తర్వాత సంగతి విని కడుపుబ్బ నవ్వింది. "సరే తాతా. పాతర అనే రాస్తాను. కింద 'తర్వాతి కాలంలో చెరసాల' అని కూడా రాపిస్తా."

"తర్వాత అంటే నా కాలమేనా అమ్మా?"

"నీ కాలమే."

ఆమె కొండ దిగిపోయాక హనుమంతప్ప గుమ్మం పక్కన గోడకానుకుని కూర్చున్నాడు. రాజులకైనా బోర్డు మీద దక్కేది ఒక్క వరుసే కదా. మీసం దువ్వుకుని, "లింగప్పా, విన్నావా? నా కాలమంట" అన్నాడు. లోపల్నుంచి గురక వినిపించింది. ఆయనా కళ్లు మూసుకున్నాడు.

పొద్దు వాలాక లింగప్ప లేచి, "అన్నా, పోదునా?" అని అడిగాడు. జైలరు సెలవివ్వందే కదలడం మర్యాద కాదు. మళ్లీ అడిగాడు. చివరికి తానే బయటికొచ్చి భుజం తట్టాడు. ఒళ్లు చల్లగా తగిలింది. హనుమంతప్ప ఎప్పుడో వెళ్లిపోయాడు. లింగప్ప మత్తులో కాకుండా ఏడ్చింది ఆ రోజే.

గుమ్మం పక్కన సద్దిగిన్నె ఉంది. ఆ ఒంటిమనిషి తెల్లారే వండి తెచ్చిన రాగిముద్దలు అందులో రెండున్నాయి, రెండూ ఒకే సైజు.