అమ్మినవారి సంతకం

"మా ఆవిడకి చిప్పంటే కొబ్బరిచిప్పేనండీ," అన్నాడు వెంకటకృష్ణారావు. వరండాలో కూర్చున్న స్నేహితులంతా నవ్వారు. వాళ్ళకి పకోడీల పళ్ళెం అందిస్తున్న శివపార్వతి కూడా అలవాటుగా నవ్వబోయి ఆగిపోయింది.

ఆమె ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. డెబ్బై ఏడులో, కాలుక్యులేటర్లకి చిప్పులు తయారుచేసే బెంగుళూరు కంపెనీ షేర్లు జారీ చేస్తే, ఆమె జీతంతో ఆమె పేరుమీదే కొన్నాడు ప్లీడరు భర్త. ఆ కంపెనీ లాభాలూ, దాని పోటీదార్ల సంగతులూ ఆమె లైబ్రరీలో చదివి రాసిపెడితే, సాయంత్రాలు భవానీపురం ఇంట్లో కొలువుతీరి తన తెలివిగా చెప్పేవాడు. ఆవేళ ఆమె నోరువిప్పి అన్నది ఒక్కటే. జపాను చిప్పులు సగం ధరకే దిగుతున్నాయి, ఈ ఏడు లాభాలుండవు, అమ్మేద్దామని. దానికే ఆ మాట.

గిన్నెలు తోముతుంటే అన్నీ గుర్తొచ్చాయి. మొదటి జీతం కవరు ఆమె చేతిలోంచే తీసుకుని, "నీదీ నాదీ ఏముంది" అన్నాడు. "మగాళ్ళ మధ్య నీకేం పని" అని అత్తగారు బుల్లెమ్మ ఎన్నిసార్లందో. ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళూ తను ఏడుపనుకున్నది కోపమేనని తెలిసింది.

మర్నాడు బీరువాలోంచి షేరు పత్రాలు తీసుకుని బ్రోకరు తిరుపతిరావు దగ్గరికెళ్ళింది. కొనేవాళ్ళున్నారా అనడిగింది.

"ఎన్నొచ్చినా తీసుకోమని మీవారే చెప్పారమ్మా. మైలవరం మామిడితోట అమ్మిన డబ్బంతా దీంట్లోనే పెడుతున్నారు," అన్నాడాయన ఇబ్బందిగా.

శివపార్వతి బదిలీ కాగితాల మీద ఒక్కొక్కటే సంతకం పెట్టింది. "ఎవరివో ఆయన అడగరు. మీరు చెప్పకండి."

రెండువైపులా కమీషనొచ్చే బేరం. తిరుపతిరావు కాగితాలు సొరుగులో పెట్టుకున్నాడు.

ఆ నెలంతా భర్త, కొత్తగా ఏమైనా రాశావా అని అడుగుతూనే ఉన్నాడు. మీకు తెలియనిది నాకేం తెలుస్తుందండీ అంటూ వచ్చింది.

అర్ధసంవత్సరం ఫలితాలు పేపర్లో పడ్డాయి. కంపెనీకి నష్టం. షేరు ధర మూడోవంతుకి జారింది. దొరికినంతకి వదిలించుకుందామని వెంకటకృష్ణారావు ఇంకా తన పేరుకి మార్పించని షేర్ల కట్ట బ్రోకరు దగ్గర్నుంచి తెచ్చి, స్నేహితుల ముందే విప్పాడు. పై కాగితం మీద అమ్మినవారి సంతకం చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. కింది కాగితాలన్నీ తిరగేశాడు.

"పార్వతీ, ఇవన్నీ నీవా?"

"నావేనండి," అందామె గుమ్మంలో నిలబడి. "మీ తోట డబ్బు నా పేరున బ్యాంకులో ఉంది. అడక్కండి, ఇవ్వను."