మూడో పేజీలో పలికిన గొంతు

శుక్రవారం పదిగంటల బస్సు కుందారపల్లిలో ఆగితే కండక్టరు వారపత్రిక కట్ట కిందికి విసిరేవాడు. అందులో ఒకటి శేషప్పది. ఆయన ఇంటి ముందరి జగిలి అరుగు మీద కూర్చుని మొదటి రెండు పేజీలూ నలుగురికీ చదివి వినిపించేవాడు. మూడో పేజీకి చదవాల్సిన పని లేదు. అది ఉత్తరాల పేజీ. విప్పితే చాలు, రాసినవాళ్ల గొంతే పలికేది. బర్గూరు మాదప్ప రాళ్ల దుమ్ము గురించి రాసినప్పుడు నడుమ నడుమ దగ్గేవాడు. దగ్గు తగ్గేదాకా అందరూ కాచుకునేవాళ్లు.

యాభై ఎనిమిదిలో, వేసవి మొదట్లో, హోసూరు పెద్దమనిషి ఒకాయన గొంతు పలికింది. "ఆడపిల్లకు అయిదో క్లాసు చాలు. ఆపైన చదువు అనవసరం."

"సరిగ్గా చెప్పినాడప్పా" అన్నాడు శేషప్ప.

తలుపు చాటున రాగులు చెరుగుతున్న ఆయన కూతురు అంజనమ్మ చేతిలో చేట ఆగిపోయింది. ఆమె బిడ్డ వెంకటలక్ష్మిది ఆ ఏడే అయిదో క్లాసు అయింది. మొగుడు సుబ్బరాయప్ప ఇల్లరికం వచ్చినవాడు, మామ మాటకు ఎదురుచెప్పడు.

ఆ మధ్యాహ్నమే బిడ్డ నోటుపుస్తకంలో కాగితం చించి జవాబు రాసింది అంజనమ్మ. రాసేటప్పుడు భయం వేయలేదు. 'ఒక తల్లి, కుందారపల్లి' అని కింద పెట్టి, సంతకు పోతున్న గంగక్క చేతికిచ్చి పోస్టులో వేయమన్నాక భయం పట్టుకుంది. పేరు దాచింది సరే, గొంతు దాచేదెట్లా?

రెండు శుక్రవారాలు గడిచినాయి. మూడోవారం శేషప్ప ఆకుకు సున్నం రాస్తూ మూడో పేజీ విప్పినాడు. అంజనమ్మ వంటింట్లో గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

పలికింది ఆమె ఇప్పటి గొంతు కాదు. పదేళ్ల పిల్ల గొంతు.

"అయిదో క్లాసు చాలని రాసినారు. చాలిందా అని మమ్మల్ని ఎవురూ అడగలేదు. ఆపొద్దు లెక్క సగం చేసినాను. మిగతాది రేపు చేస్తానని అయ్యవారికి చెప్పి ఇంటికొచ్చినాను. ఆ రేపు నాకు రాలేదు."

"తల్లి అని పెట్టింది, గొంతేమో బిడ్డది" అన్నాడు ఒకాయన.

"ఏ వయసులో చెప్పాల్సిన మాటకు ఆ వయసు గొంతే వస్తాది లే" అన్నాడు పక్కింటి నరసింహప్ప. "ఎవురి బిడ్డో పాపం."

శేషప్ప పేజీ మడిచి మళ్లీ విప్పినాడు. మళ్లీ అదే గొంతు. ఆయన చేతిలో ఆకు అట్లే ఉండిపోయింది.

ఆపైన ఇంట్లో ఎవరితోనూ ఆ ఉత్తరం మాట ఎత్తలేదు. బడి తెరిచిన సోమవారం తెల్లారే తలకు రుమాలు చుట్టుకుని, "పాపా, లేయ్యే, బస్సు పోతాది" అని మనవరాలిని కృష్ణగిరికి పిలుచుకుపోయినాడు. సాయంత్రం వెంకటలక్ష్మి కొత్త పుస్తకాల సంచితో ఎగురుతూ దిగింది. ఆరో క్లాసులో చేర్చి, సంతకం కూడా ఆయనే పెట్టి వచ్చినాడు.

అంజనమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన తాగి, చెంబు చేతిలోనే పెట్టుకున్నాడు.

"ఆపొద్దు నేను బడి మానమంటే నువ్వు ఏడవలేదమ్మా. పలక తెచ్చి నా చేతికిచ్చినావు. నీకూ ఇష్టం లేదేమో అనుకున్నాను."

"ఏడ్చింటే పంపించింటావా, నాయనా?"

శేషప్ప చెంబు కింద పెట్టినాడు.

"లేదమ్మా" అన్నాడు. "అప్పుడు పంపించి ఉండను."

ఆయన అబద్ధం చెప్పనందుకు అంజనమ్మకు ఎందుకో గుండె తేలికైంది. లోపల వెంకటలక్ష్మి కొత్త పాఠం పైకి చదవడం మొదలుపెట్టింది. తండ్రీ కూతురూ వింటూ కూర్చున్నారు.