గర్మి దవాఖాన

మధ్యాహ్నం కరెంటు పోయింది. వలస వచ్చిన తెలుగు నేతవాళ్లుండే కనేరి గల్లీల్లో మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మిగతావాళ్లకు అది కాస్త ఊపిరి పీల్చుకునే సమయం, శారోన్‌కు మాత్రం గండం. దవాఖానలో ఆమె కూర్చునే కౌంటరుకూ రోగులు కూర్చునే బెంచీలకూ మధ్య తలుపు లేదు. పక్క కార్ఖానాలో మగ్గాల చప్పుడే ఆ దవాఖానకు పరదా. అది ఆగితే కౌంటరు దగ్గర ఎవరు ఏం చెప్పుకున్నా చివరి బెంచీ దాకా వినపడుతుంది.

సుఖరోగాలకు మందిచ్చే ఆ దవాఖానను ఒక ట్రస్టు నడుపుతోంది. బోర్డు మీద పేరు మర్యాదగానే ఉంది గానీ బస్తీ మొత్తం దాన్ని గర్మి దవాఖాన అంటుంది. హిందీలో గర్మి అంటే వేడి, బజారు భాషలో సుఖరోగానికీ అదే పేరు. అక్కడ కొలువంటే కూతురికి సంబంధాలు రావని భయపడి, శారోన్ తల్లి శారమ్మ, తాముండే గదుల వరస చాలీలో అందరికీ పళ్ల డాక్టరు దగ్గర పని అని చెప్పుకుంది. దాంతో పన్ను నొప్పి వచ్చిన ప్రతివాళ్లూ వాళ్లింటికే వస్తారు. శారోన్ ఏం చేస్తుంది, లవంగ నూనె సీసా ఒకటి కొని గూట్లో పెట్టుకుంది.

ఆ నిశ్శబ్దంలో ఓదెమ్మ గుమ్మం ఎక్కింది. వెనక కోడలు చంద్రవ్వ, ఐదో నెల కడుపుతో. ఇద్దరూ శారోన్ చాలీవాళ్లే.

"గిదేంది బిడ్డా, నువ్వు గీడ కూసున్నవు? పండ్ల దవాఖాన అన్నది గద మీయమ్మ," అంది ఓదెమ్మ. వయసంతా మగ్గాల పక్కన కండెలు చుట్టిన మనిషి. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి, మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. ఎవరూ గుర్తుపట్టకుండా రుమాళ్లు కట్టుకున్న బెంచీల మీది మొహాలన్నీ ఇటు తిరిగాయి.

"జర మెల్లగ, పెద్దమ్మా."

"మెల్లగెందుకు, దొంగతనం చేసినమా? కాన్పు దవాఖానోళ్లు నెత్తురు జూసి గీడికి పొమ్మన్నరు. దీని ఒంట్ల వేడి ఉన్నది. రెండు కాన్పులు గూడ సచ్చిన పిల్లలే పుట్టిరి. నాకెరుక లేదా?"

చంద్రవ్వ నేల చూపులు చూస్తూ నిలబడింది. చేతిలో సబ్జా నీళ్ల సీసా ఉంది. అత్త చెప్పినట్టే కోడిగుడ్డు మానేసింది, మామిడిపండు మానేసింది, పచ్చడి మానేసింది. ఒక బిడ్డను కనడం కోసం తన ఒంటిని తానే చల్లార్చుకుంటూ బతుకుతోంది.

ఆమె మొహంలోకి చూడలేకపోయింది శారోన్. పోయిన నెల ఇదే కౌంటరు ముందు చంద్రవ్వ పెనిమిటి అంకుశం నిలబడ్డాడు. సూది వేయించుకున్నాడు. భార్యను కూడా తీసుకురమ్మని డాక్టరమ్మ చెబితే తలూపాడు. పోతూ పోతూ, "చెల్లె, చాలీల తెలిస్తే నా ఇజ్జత్ పోతది," అన్నాడు. మళ్లీ రాలేదు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదన్నది ఈ కొలువులో మొదటి కట్టడి. మంచి కట్టడే, అది లేకపోతే ఈ బెంచీల మీద ఎవరూ కూర్చోరు. నల్లా దగ్గర చంద్రవ్వ బిందె ఎత్తుతుంటే, ఒకసారి మా దవాఖానకు రా అక్కా అందామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చేది. కానీ చాలీలో తనది పళ్ల దవాఖాన.

వేలు పొడిచి రక్తం చూశారు. డాక్టర్ నేహ చంద్రవ్వను ఒక్కదాన్నే లోపలికి రమ్మంది. ఓదెమ్మ ససేమిరా అంది. "ఉండనీ," అంది చంద్రవ్వ. ఓదెమ్మ గుమ్మంలోనే నిలబడటంతో డాక్టరు గది తలుపు వేయడం కుదరలేదు. డాక్టరుకు తెలుగు రాదు, చంద్రవ్వకు హిందీ అంతంత మాత్రం. తర్జుమా చేయడానికి శారోన్ వెళ్లింది.

సులువుగా అర్థం కావాలని డాక్టరమ్మ బజారు మాటే వాడింది. "ఇన్‌కో గర్మీ కీ బీమారీ హై. ఇంజెక్షన్ ఆజ్ హీ దేనా పడేగా." ఈమెకు గర్మి జబ్బుంది, సూది ఇవాళే వేయాలని.

గర్మి అన్న ఒక్క మాటే ఓదెమ్మ చెవిన పడింది. "ఇన్నవా? డాక్టరమ్మ గూడ గర్మే అన్నది. కడుపుతోని ఉన్నదానికి సూదేంది, ఇంకింత వేడెక్కుతది. లే, పోదాం."

చంద్రవ్వ లేచింది. ఎవరు లెమ్మన్నా లేవడం ఆమెకు అలవాటు. వేడి అనే ఆ ఒక్క మాట చాటున ఇద్దరు పిల్లలు మట్టిలో కలిశారు. మూడో బిడ్డ కూడా కలవబోతోంది.

"వేడి కాదు," అంది శారోన్. "కూసో అక్కా. పేరుకు గర్మి అంటరు గని వేడికి రాదు. నువ్వు తిన్న తిండికి రాదు. ఇది అంటురోగం. నెత్తురుల ఉంటది, కడుపుల పిల్లకు గూడ పోతది. సూది ఏసుకోకుంటే ఈ పిల్ల గూడ దక్కకపోవచ్చు."

"ఎట్ల అంటుతది?" అంది చంద్రవ్వ.

"ఆడమనిషి, మగమనిషి కలిస్తె."

చంద్రవ్వ మెల్లగా కూర్చుంది. "నేను కార్ఖాన, ఇల్లు తప్ప యాడికి పోలే. మరి నాకెవలు అంటిచ్చిండ్రు?"

మగ్గాలు ఇంకా మొదలు కాలేదు. ఆ ప్రశ్న బెంచీల మీది మగవాళ్లందరికీ వినపడింది. ఆ పేరు శారోన్ చెప్పకూడదు.

"ఆ సూది యాడ ఏస్తరు?" అని అడిగింది చంద్రవ్వ.

"నడుము కింద, పిర్రలకు. రెండు మూడు దినాలు గట్టిగ నొస్తది."

చంద్రవ్వ చేత్తో నోరు మూసుకుంది. ఆ చెయ్యి తీసి అంది, "పోయిన నెల ఆయన కుంటుకుంట ఇంటికొచ్చిండు. కార్ఖానల జారిపడ్డ అన్నడు. రాత్రి పొద్దుపోయేదాంక కాపడం పెట్టిన. ఉడుకు నీళ్లల్ల బట్ట ముంచి, నా చేతులు కాలంగ పిండి." శారోన్ వైపు తిరిగింది. "మందు తనొక్కడే ఏసుకున్నడా?"

ఓదెమ్మ అటు తిరిగి నిలబడింది. డాక్టరమ్మ సూది సిద్ధం చేసింది. పిల్ల దక్కుతుందా అని చంద్రవ్వ అడిగితే, ఆశ ఉందంది, మాట ఇవ్వలేనని కూడా అంది. శారోన్ రెండూ చెప్పింది.

సూది అయ్యాక చంద్రవ్వ పక్కకు తిరిగి, పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకుంది. అంతలో కరెంటు వచ్చింది. గోడ అవతల మగ్గాలు మొదలయ్యాయి. ఓదెమ్మ అలవాటు కొద్దీ సబ్జా నీళ్ల సీసా మూత తీసి అందించింది. చంద్రవ్వ అందుకోలేదు.

"నా పిల్లలు నా వేడికి సావలే," అంది.

"ఏంది?" అని ఓదెమ్మ చెవి ముందుకు వంచింది.

చంద్రవ్వ లేచి కూర్చుని అదే మాట ఇంకాస్త గట్టిగా అంది.

"ఇనస్తలేదే," అంది ఓదెమ్మ. నిజంగా వినపడలేదో, వినడం ఇష్టం లేదో.

ఎన్నడూ గొంతెత్తని చంద్రవ్వ మూడోసారి గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపు మగ్గాల చప్పుడును దాటి బెంచీల దాకా వెళ్లింది. శారోన్ తలుపు వేయడానికి కదిలింది, కానీ వేయలేదు.