చిలక్కొయ్య ఎత్తు

"ఒసే కూర్మమ్మా! పానాలిల్లు గీసే బాబు వచ్చినాడే!"

ఇసుకలో టేపు అదిమిపట్టి కూర్చున్న జగన్నాధం తలెత్తాడు. అరిచింది పక్కింటి తవిటమ్మ. ప్యానెల్ ఇల్లు నౌపడ ఉప్పుమళ్లు దాటి ఈ రేవుకొచ్చేసరికి పానాలిల్లు అయి కూర్చుంది. కూర్మమ్మ మొగుడు లక్ష్ముడు తుఫాను ఏట వేటకెళ్లి తిరిగి రాలేదు. ఆ పానాన్నే గోడల్లో పెట్టి కడతారని ఊళ్లో గుసగుస.

"పానాలు కాదమ్మా, ప్యానెళ్లు. రెండు పలకల మజ్జిన తెల్లటి ఫోము. మీ చేపల ఐసుపెట్టెలో ఉంటాది సూడు, అదే."

"అయితే లక్ష్ముడి పానాన్ని ఐసులో పెట్టేస్తావేటి?" అంటూ తవిటమ్మ నమ్మకుండానే వెళ్లిపోయింది.

జగన్నాధం మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచాడు. ఇసుకలో నాలుగడుగులేస్తే ఆయాసం. సన్నగా, నిలబెట్టిన స్కేలులా ఉంటాడు. పొందూరు ఖద్దరు చొక్కా జేబుకి ఏనాటిదో సిరా మరక. కుడిచేతి చిటికెనవేలి పక్కన పెన్సిలు నలుపు చర్మంలో కలిసిపోయింది. గీతలే జీతం, జీతమే తలగీత. విజయనగరంలో ఎందరికో డ్రాయింగు రూములు గీశాడు. తనకున్నది ఒక్క రూమే, అందులో ఉన్నదంతా డ్రాయింగే. గోడకి మేకు కొట్టరాదని ఇంటివాడి షరతు, అద్దె మాత్రం మేకులా దిగుతుంది. అందుకే చనిపోయిన భార్య ఈశ్వరి ఫొటో కుర్చీలో ఉంటుంది. అన్నం తినేటప్పుడు ఆవిడ ఎదురుగానే కూర్చుంటుంది. పొద్దున బయల్దేరేటప్పుడు కూడా, "ఈవేళ రేవుకెళ్తన్నాను" అని చెప్పే వచ్చాడు.

తాటాకు పాక ముందు చాప మీద కాగితం పరిచాడు. కూర్మమ్మ కూతురు ఉష విశాఖలో నర్సు. ఇల్లు కట్టిస్తున్నది ఆమే.

"గీతలకే ఇంత డబ్బేంటండీ?" అంది.

"ఇటుకిల్లయితే తప్పు జరిగినా మేస్త్రీ బద్దలుకొట్టి సిమెంటు పూసేస్తాడమ్మా. ఇది ఫ్యాక్టరీలో గీత ప్రకారం కోసి లారీ ఎక్కించేస్తారు. ఇక్కడికొచ్చాక కిటికీ జరపమంటే జరగదు. జరిపేదేదో ఇప్పుడే, రబ్బరుతో జరుపుకోవాలి. రేపే కోతకి పంపాలి."

స్విచ్చి, కుళాయి, ఫ్యాను, ఒక్కొక్కటీ అడిగి గుర్తు పెట్టాడు. చివరి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"బరువులు ఎక్కడ తగిలిస్తారు? ఫోములో మేకు నిలబడదు. అక్కడ ముందే లోపల చెక్కముక్క పెట్టించాలి."

"హాల్లో, ఎదురు గోడకి" అంది ఉష. "నాన్న ఫొటో."

గుమ్మం పక్కన వల బాగుచేస్తున్న కూర్మమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమె నుదుటి బొట్టు ఈ వేళ్టిదే.

"ఫొటో ఏటే? మీ అయ్యకేటైనాది?"

"అమ్మా... పడవలో ఉన్నోళ్లంతా పోయారని అందరూ అన్నారు కదే."

"అన్నారు."

అంతే. ఉష కళ్లు తుడుచుకుంటూ పాకలోకి వెళ్లింది. కాగితంలో ఎదురు గోడ మీద జగన్నాధం పెన్సిలు మొన ఆనీ ఆనకుండా ఆగిపోయింది. ఎన్ని ఇళ్లు గీశాడో, ఏ గీతా ఇంత బరువు తూగలేదు.

"బాబూ," అంది కూర్మమ్మ గొంతు తగ్గించి, "సముద్రం వేపు తలుపు పక్కన ఒక సిలక్కొయ్య పెట్టు. రాగానే సొక్కా విప్పి అక్కడే తగిలిస్తాడు ఆడు."

"ఎంత ఎత్తులో?"

ఆమె లేచి పాక గుంజకి ఆనుకుని నిలబడింది. చెయ్యి పైకెత్తి, కాస్త ఆలోచించి, మునివేళ్ల మీద లేచింది. "ఆడి సెయ్యి ఇక్కడికొస్తాది."

జగన్నాధం ఆ వేలికొస దాకా టేపు పట్టి, కాగితంలో తలుపు పక్కన గుర్తు పెట్టాడు. గుమ్మంలోంచి ఉష చూస్తూనే ఉంది. కాసేపటికి వచ్చి, ఎదురు గోడ మీద గుర్తేమీ లేని ఆ కాగితం మీద సంతకం పెట్టింది.

జగన్నాధం అలవాటు ప్రకారం రేపటికని పెన్సిలు చెక్కి సంచిలో పెట్టుకున్నాడు. అది నెల్లిమర్ల జనపనార మిల్లులో పనిచేసిన తండ్రి ఇచ్చిన గోనెసంచి. వెళ్లేటప్పుడు కూర్మమ్మ ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టింది. ఒక చేతిలో పొట్లం, చంకలో కాగితం చుట్ట. సంచి గుంజ దగ్గరే ఉండిపోయింది.

ప్యాసింజరులో ఎండుచేపల వాసనకి పక్కవాళ్లు జరిగి కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి అతనికి కావలసినంత చోటు దొరికింది. పొందూరు దాటాక తల కిటికీకి ఆన్చాడు. విజయనగరంలో దిగలేదు. విశాఖలో బోగీ ఊడ్చేవాడు లేపితే లేవలేదు. కాగితం చుట్ట, దాని మీదున్న చిరునామా పట్టుకుని, ఆఫీసుకి చేరింది, అక్కణ్ణుంచి కోతకి వెళ్లింది.

లారీలు వచ్చాయి, గోడలు లేచాయి. గృహప్రవేశం నాడు ఉష అందరికీ మళ్లీ చెప్పింది: పలక, ఫోము, పలక, ప్యానెలే తప్ప పానం కాదని. గోడని వేలితో కొట్టి చూసి అందరూ నవ్వారు. తవిటమ్మ మాత్రం సముద్రం వేపు తలుపు దగ్గర ఆగింది.

"ఆ బాబు సంచి కదే ఇది? పోయినాడన్నారు కదే ఆ బాబు?"

"అన్నారు," అంది కూర్మమ్మ.

చిలక్కొయ్యకి లక్ష్ముడి నీలం చొక్కా, దాని పక్కన గోనెసంచి. అందులోంచి పైకి పొడుచుకొచ్చిన పెన్సిలు, చెక్కిన మొన చెక్కినట్టే.